అరకు ఘాట్‌కి కార్బన్ ట్యూబ్యులర్ చక్రాలు: కొనాలా, వద్దా?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

మిగతావాళ్ళ కోసం నీ ప్రశ్న కుదించి చెప్తా. అమెరికా నుంచి తిరిగొస్తున్న స్నేహితుడు తన కార్బన్ ట్యూబ్యులర్ చక్రాల జతని (టైరుని రిమ్ముకి జిగురుతో అంటించే రకం, రిమ్ము లోతు 50 మిల్లీమీటర్లు) 35 వేలకి ఇస్తానంటున్నాడు. నీ సైకిల్‌కి రిమ్ బ్రేకులు, అంటే రబ్బర్లు నేరుగా రిమ్మునే పట్టే రకం. వారాంతాల్లో నార్సింగి–కొల్లూరు సైకిల్ ట్రాక్ మీద, అప్పుడప్పుడు చేవెళ్ళ, వికారాబాద్ వైపు తొక్కుతావు. డిసెంబర్‌లో విశాఖ నుంచి అరకు ఎక్కి దిగాలని ఆశ. ఈ చక్రాలు తీసుకోవచ్చా, ఏ టైర్లు వేయాలి, జిగురా టేపా, దారిలో పంక్చరైతే గతేంటి అని అడిగావు.

ఇప్పుడున్న అల్యూమినియం చక్రాలు అమ్మేయకుండా వీటిని రెండో జతగా ఉంచుకుంటానంటే, జిగురు పని నీ చేత్తో నువ్వే నేర్చుకుంటానంటే, తీసుకో. ఈ రెండిట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వదిలెయ్. ఆ 35 వేలు చక్రాలకి మాత్రమే. టైర్లు, జిగురు, ఆ పని మీద కరిగిపోయే ఆదివారాలు వేరే పద్దు.

నేను ట్యూబ్యులర్ అతికించడం నేర్చుకున్నది ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన సైకిల్ పందేల ట్రాక్ అది. మా కోచ్ సార్‌కి ఒక అలవాటుండేది. ట్రాక్ ఎక్కే ముందు ప్రతివాడి చక్రం చేతిలోకి తీసుకుని, టైరు పక్కన రెండు బొటనవేళ్ళు ఆనించి అవతలికి గట్టిగా తోసేవారు. టైరు లేచి కింద రిమ్ము కనబడిందా, ఆ పూటకి నీ ప్రాక్టీసు అయిపోయినట్టే. గట్టు మీద కూర్చుని జిగురు రాసుకోవాలి. అప్పట్లో ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ తెల్లవారి బయల్దేరే ముందు నా వేళ్ళు వాటంతటవే టైరు మీదకి పోతాయి.

ఆయన అంత పట్టుబట్టడానికి కారణం టైరు నిర్మాణంలోనే ఉంది. మామూలు టైరుకి, అంటే క్లించర్‌కి, రెండు పక్కలా తీగ అంచు ఉంటుంది. అది రిమ్ము కొక్కెంలో ఇరుక్కుని కూర్చుంటుంది. ట్యూబు విడిగా లోపల. ట్యూబ్యులర్‌లో అలా కాదు. ట్యూబు చుట్టూ గుడ్డని పేగులా చుట్టి అడుగున కుట్టేస్తారు. కుట్టు కనబడకుండా దాని మీద ఒక గుడ్డ పట్టీ, దాన్నే బేస్ టేప్ అంటాం. రిమ్ముకి కొక్కేలుండవు, దోనెలా లోతుగా ఉంటుంది. ఆ దోనెలో టైరుని జిగురుతో అంటిస్తాం. గాలి ఎక్కేకొద్దీ టైరు లావెక్కి పొడవు తగ్గాలని చూస్తుంది, అందువల్ల రిమ్ముని బిగించి పట్టుకుంటుంది. ఎంతగా అంటే పుల్లల (స్పోకుల) బిగువు కూడా కొంత సడలుతుంది, మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. కానీ మలుపులో టైరుని పక్కకి నెట్టే బలానికి అడ్డు నిలిచేది ముఖ్యంగా జిగురే. గాలి పోయాక ఆ బిగింపూ ఉండదు, పూర్తిగా జిగురు మీదే.

ఇంత తంటా ఎందుకు అంటే, కార్బన్ రిమ్ముకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. క్లించర్ రిమ్ములో 100 పీఎస్ఐ గాలి రిమ్ము రెండు గోడల్నీ ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. బ్రేకు వేడికి కార్బన్‌ని పట్టి ఉంచే రెసిన్ మెత్తబడితే ఆ గోడలు ఉబ్బిపోతాయి, పొరలు విడిపోతాయి. ట్యూబ్యులర్‌లో గాలి ఒత్తిడంతా టైరు గుడ్డలోనే ఉండిపోతుంది, రిమ్ము గోడల్ని తోసేదేమీ లేదు. కొక్కేలు లేవు కాబట్టి బరువూ తక్కువే, అదే లోతు క్లించర్ జతతో పోలిస్తే 200 నుంచి 300 గ్రాముల తేడా రావచ్చు. నీ స్నేహితుడివి కార్బన్ క్లించర్లు అయ్యుంటే, రిమ్ బ్రేకుతో అరకు ఘాట్ అనగానే వద్దని ఒక్క ముక్కలో రాసేసి ఊరుకునేవాణ్ణి.

అయితే ట్యూబ్యులరే అన్నిటికన్నా వేగం అన్న పాత మాట నమ్మి మాత్రం కొనకు. జిగురు పొర మీద టైరు లోలోపల కదులుతూ కొంత శక్తి తింటుంది. లేటెక్స్ ట్యూబు (పల్చటి సహజ రబ్బరుది) వేసిన మంచి క్లించర్, మంచి ట్యూబ్‌లెస్ టైరు ఇప్పుడు దీనికి తీసిపోవు, చాలాసార్లు ముందే ఉంటాయి. 2020లో ఇటలీలోని ఇమోలాలో జూలియన్ అలాఫిలిప్ ప్రపంచ ఛాంపియన్ అయింది ట్యూబు వేసిన క్లించర్ల మీదే. ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్లు వరసగా ట్యూబ్‌లెస్ వైపు వెళ్ళిపోయాయి. ఒకప్పుడు లక్షలు పలికిన చక్రాలు నీకు 35 వేలకి దొరుకుతున్నది అందుకే. టైర్ల రకాలు కూడా ఏడాదికేడాది తగ్గుతున్నాయి. అది మనసులో పెట్టుకో.

ఇక చక్రాలు చేతికొచ్చాక ఏం చూడాలో చెప్తా. డబ్బు ఇవ్వకముందే చూడాలి, స్నేహితుడైనా సరే.

మొట్టమొదట ఫ్రీహబ్, అంటే వెనక చక్రం మధ్యలో గేర్ల పళ్ళచక్రాలు కూర్చునే భాగం. పాత షిమానో 10 స్పీడ్ ఫ్రీహబ్ మీద 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ (ఆ పళ్ళచక్రాల గుత్తి) మామూలుగా కూర్చోదు, 1.85 మిల్లీమీటర్ల వెడల్పు తక్కువ. నీది 11 స్పీడ్ అన్నావు. ఇక్కడే తేడా కొడితే మిగతావి చూడక్కర్లేదు.

తర్వాత రిమ్ము. పాత టైర్లు ఉంటే తీయించు, బోసి రిమ్ము చూడకుండా కొనకు. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని రిమ్ము చుట్టూ అంగుళానికోసారి మెల్లగా కొట్టుకుంటూ పో. గట్టి కార్బన్ టిక్కుటిక్కుమంటుంది. పొర విడిన చోట మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తుంది. వాల్వు దగ్గర లోపల పొరలు ఎక్కువ వేస్తారు కాబట్టి అక్కడ శబ్దం మారడం సహజం, కంగారు పడకు. బ్రేకు పట్టే పట్టీ మీద వేలు ఆనించి చక్రం తిప్పు. అల లాగా తగిలితే, లేదా వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగైదు చోట్ల కొలిస్తే వెడల్పు తేడా వస్తే, ఆ రిమ్ము ఎక్కడో కొండ దిగుతూ ఉడికిపోయింది. పుల్లలు రిమ్ములోకి వెళ్ళే రంధ్రాల చుట్టూ, వాల్వు రంధ్రం చుట్టూ లైటు వేసి చూడు. నక్షత్రంలా సన్న గీతలు కనిపిస్తే నమస్కారం పెట్టి తిరిగి ఇచ్చెయ్. పైపై వార్నిష్ గీతలకి భయం లేదు, గోరు దిగే గీత అయితేనే ఆలోచించాలి.

ఇంకో చిక్కుంది, చాలామంది కొన్నాకగానీ తెలుసుకోరు. కొన్ని లోతు రిమ్ముల్లో నిపుల్స్, అంటే పుల్లల్ని బిగించే చిన్న నట్లు, లోపల దాగి ఉంటాయి. ఆ చక్రం కొంచెం వంకర పోయినా బెండు తీయాలంటే అంటించిన టైరు పీకాలి. పీకాక మళ్ళీ జిగురు. అంటే గుంతలో ఒక్క దెబ్బకి మూడు రోజుల పని. నిపుల్స్ బయట కనబడే రకమైతే అదృష్టం. అవి అల్యూమినియంవి అయితే మాత్రం విశాఖ బీచ్ రోడ్డు ఉప్పుగాలికి తెల్లబూజు పట్టి బిగుసుకుపోతాయి. భీమిలి దాకా తొక్కొచ్చిన రోజు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టు, చాలు.

టైర్ల సంగతి. రిమ్ము దోనె వెడల్పుని బట్టే టైరు వెడల్పు. పాత సన్నటి రిమ్ము అయితే 21, 23 మిల్లీమీటర్ల టైరుకి సరిపోయేలా దోనె గీశారు. దాంట్లో 28 వేస్తే టైరు అంచులు గాల్లో ఉంటాయి, జిగురు నడుమ మాత్రమే పడుతుంది. వెడల్పు రిమ్ము అయితే 25 సుఖం. టైరుని పొడిగా దోనెలో పెట్టి, కొద్దిగా గాలి కొట్టి, అంచులు రెండు పక్కలా ఆనుతున్నాయో లేదో కళ్ళతో చూడు.

రకాల్లో రెండు దారులు. విట్టోరియా కోర్సా, వెలోఫ్లెక్స్ లాంటి మెత్తటి గుడ్డ టైర్లు, లోపల లేటెక్స్ ట్యూబు. రోడ్డు మీద పట్టు తివాచీ మీద పోతున్నట్టుంటుంది. కానీ లేటెక్స్ గాలి నిలపదు, రాత్రి 100 కొట్టి పడుకుంటే తెల్లారేసరికి 80కి దిగొచ్చు, రోజూ పంపు పట్టాల్సిందే. పక్కగోడల గుడ్డ మన ఎండకి త్వరగా ఎండి చిట్లుతుంది. రెండోది కాంటినెంటల్ కాంపిటీషన్, స్ప్రింటర్ లాంటివి. లోపల బ్యుటైల్ ట్యూబు (మామూలు సింథటిక్ రబ్బరుది), గాలి రోజులకొద్దీ ఉంటుంది, పక్కగోడలు గట్టి. కాస్త బిరుసు. నువ్వు తొక్కే దారులకి నా ఓటు వీటికే. సైకిల్ ట్రాక్ మీద పర్వాలేదుగానీ, చేవెళ్ళ దాటి రోడ్డంచున పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, సీసా పెంకులు ఉంటాయి. మెత్తటి టైరు కొన్న నెలకే ఏడుస్తావు. కొనేటప్పుడు మూడు కొను, రెండు కాదు. మూడోది ఎందుకో కింద చెప్తా.

వాల్వు పిన్ను విప్పదీయగలిగే రకమా అన్నదీ చూసుకో. 50 మిల్లీమీటర్ల రిమ్ముకి ఎక్స్‌టెండర్, అంటే వాల్వుని పొడిగించే గొట్టం, తప్పదు. పిన్ను విప్పి, ఎక్స్‌టెండర్ మరకి రెండు చుట్లు ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, పిన్ను పైన పెట్టుకోవాలి. ఈ పని టైరు అంటించకముందే చేసి, గాలి కొట్టి ఒక రాత్రి వదిలెయ్. అంటించాక అక్కడ గాలి కారుతోందని తెలిస్తే ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

సరే, అసలు పనికి వద్దాం. జిగురు.

మొదటి రోజు టైరుని పొడి రిమ్ము మీదే ఎక్కించి 100 దాకా గాలి కొట్టి వదిలెయ్. ఒక పగలూ ఒక రాత్రీ సాగాలి. కొత్త ట్యూబ్యులర్ ఎక్కించడానికి మొదటిసారి ఒళ్ళు హూనమవుతుంది. ఆ కుస్తీ జిగురు లేకుండానే పట్టడం మేలు, జిగురు ఉన్నప్పుడు పడితే మొహానికి, గోడకి, బ్రేకు పట్టీకి, అన్నిటికీ అంటుతుంది.

పాత జిగురు సన్నగా సమంగా ఉంటే దాన్ని గీకక్కర్లేదు, కొత్త పొర దాని మీద చక్కగా పడుతుంది. ముద్దలుగా ఉన్నచోట మాత్రం తీసెయ్యాలి. చేత్తో నలిపి, ప్లాస్టిక్ ముక్కతో గీకి తీయి. స్క్రూడ్రైవర్ ముట్టుకోకు, హీట్ గన్ అసలే వద్దు. చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వు. ఆ తర్వాత దోనెని చేత్తో తాకకు, చేతి జిడ్డు చాలు పట్టు పోవడానికి. బ్రేకు పట్టీలకి రెండు పక్కలా కాగితపు టేపు అంటించుకో, పెయింటర్లు వాడేది. ఈ చిన్న పని చేయనివాళ్ళు తర్వాత గంటసేపు పట్టీ తోముకుంటూ కూర్చోవడం చాలాసార్లు చూశాను.

జిగురు విట్టోరియా మాస్టిక్ వన్ గానీ, కాంటినెంటల్ వాళ్ళు కార్బన్ రిమ్ములకని అమ్మేది గానీ తీసుకో. కాంటినెంటల్‌లో అల్యూమినియంకి వేరే, కార్బన్‌కి వేరే ఉంటాయి, డబ్బా మీద చూసుకుని కొను. చెప్పులకి వాడే జిగురు చవక కదా అని మా రోజుల్లో కొందరు ప్రయత్నించారు. అది గట్టిపడి పెచ్చులూడుతుంది, వేడికి జారుతుంది. ఆ ఆలోచన రానివ్వకు.

పల్చటి పొరలు ముఖ్యం. పాత టూత్‌బ్రష్‌తో, లేదా వేలికి ప్లాస్టిక్ కవరు తొడిగి, దోనె అంచు నుంచి అంచు దాకా పాలమీగడ మందంలో రాయి. అంచుల దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టు, మలుపులో టైరు లేవడం మొదలయ్యేది అక్కడే. బేస్ టేప్‌కి ఒక పొర. టైరులో గుప్పెడు గాలి మాత్రమే ఉంచితే దాని లోపలి వైపు బయటికి తిరగబడుతుంది, అప్పుడు రాయడం సులువు. ఆ రాత్రికి ఆరనివ్వు. మర్నాడు రిమ్ముకి రెండో పొర, టేపుకి రెండో పొర. మళ్ళీ రాత్రంతా. మూడో రోజు రిమ్ముకి మాత్రం ఇంకో పల్చటి పొర రాసి, అది తడిగా ఉండగానే, పదిహేను నిమిషాల్లోపు టైరు ఎక్కించాలి. వానాకాలంలో చేస్తే ప్రతి పొరకీ అదనంగా ఒక రోజు ఇవ్వు. శ్రావణమాసంలో తొందరపడి అంటించిన చక్రం ఒకటి నెల తర్వాత ఒలిస్తే, జిగురు తెల్లగా పాలిపోయి అరటితొక్కలా ఊడొచ్చింది.

ఎక్కించే తీరు ఇదీ. శుభ్రమైన గుడ్డ నేల మీద పరిచి చక్రం నిలబెట్టు, వాల్వు రంధ్రం పైకి. వాల్వు దూర్చి, రెండు చేతులతో టైరుని చెరోవైపు కిందికి లాగుతూ పో. ఒళ్ళు బరువంతా వేసి లాగాలి, మొదట్లో లాగింది చివర్లో కలిసొస్తుంది. జానెడు మిగిలాక చక్రం ఎత్తి పొట్టకి ఆనించుకుని, బొటనవేళ్ళతో ఎత్తి ఒక్క ఊపులో దాటించు. పాత చొక్కా వేసుకో, ఆ చొక్కా మళ్ళీ పెళ్ళిళ్ళకి పనికిరాదు. కొద్దిగా గాలి కొట్టి చక్రం తిప్పి చూడు. బేస్ టేప్ రెండు పక్కలా సమానంగా కనబడాలి. వంకరగా ఉన్నచోట టైరు ఎత్తి తిప్పి సరిచెయ్, జిగురు పట్టే లోపు మాత్రమే ఆ వీలుంటుంది. సరిపోయాక 100 దాటించి గాలి కొట్టి, చక్రాన్ని నేల మీద నొక్కుతూ చుట్టూ దొర్లించి, 24 గంటలు మూల నిలబెట్టు.

మర్నాడు గాలి మొత్తం తీసి మా కోచ్ సార్ పరీక్ష పెట్టు. చుట్టూ, రెండు పక్కలా, ప్రతి నాలుగు వేళ్ళ దూరానికి తోసి చూడు. ఎక్కడైనా అంచు లేచిందా, అక్కడ సన్నగా జిగురు పూసి మళ్ళీ ఒక రోజు. బాగా పట్టిన ట్యూబ్యులర్ ఎలా ఉంటుందంటే, తీయాలనుకున్న రోజు గోళ్ళు విరుగుతాయి. సులువుగా ఊడొచ్చిన టైరు చూస్తే ఇన్నాళ్ళు దేని మీద తొక్కానా అని ఒళ్ళు జలదరించాలి.

టేపు గురించి అడిగావు. టూఫో, ఎఫెట్టో మరిపోసా వాళ్ళవి రెండు పక్కలా అంటుకునే టేపులు ఉన్నాయి. గంటలో పని అయిపోతుంది, చేతులు మురికి కావు. నేను అడపాదడపా వాడాను, బాగానే పట్టింది. తీసేటప్పుడు మాత్రం సగం రిమ్ముకి, సగం టైరుకి అంటుకుని విసిగిస్తుంది. నీకు టేపు వద్దంటాను, కారణం ఒకటే. జిగురు ఒకసారి నీ చేత్తో పొరలుపొరలుగా వేస్తే ఎక్కడ పట్టింది, ఎక్కడ పట్టలేదు అన్నది వేలికి తెలుస్తుంది. ఆ జ్ఞానం వచ్చాక టేపు వాడుకో.

నాకు ఆ జ్ఞానం ఎలా వచ్చిందో కూడా చెప్తాను. శామీర్‌పేట నుంచి వస్తూ ముందు టైరు పంక్చరైంది. వెంట ఉన్న స్పేర్ ట్యూబ్యులర్ ఎక్కించి, గాలి కొట్టి, ఇరవై నిమిషాలు బుద్ధిగా తొక్కాను. ఆ తర్వాత ముందు పోతున్న స్నేహితుల్ని అందుకోవాలని దిగుడులో వదిలేసి, మలుపులో అలవాటైన వేగంతో వంచాను. టైరు పక్కకి ఒలిచేసుకుని, ఉత్త రిమ్ము తారు మీద పడింది. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. తప్పు టైరుదీ కాదు, రోడ్డుదీ కాదు. స్పేర్ ఎక్కించాక అది ఇంటికి చేరుకోవడానికే అన్న సంగతి నాకు తెలుసు, తెలిసీ మరిచాను.

ఆ మూడో టైరు ఇందుకే. కొత్త స్పేర్ పనికిరాదు, బేస్ టేప్‌కి జిగురు రాసి ఆరబెట్టినది కావాలి. లేదా ఒకసారి వాడి తీసిన పాత టైరు ఇంకా మేలు, సాగి ఉంటుంది కాబట్టి రోడ్డు పక్కన తేలిగ్గా ఎక్కుతుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పాత సాక్సులో దూర్చి, సీటు కింద కట్టుకో. దారిలో మార్చాక రిమ్ము మీదున్న పాత జిగురూ, టైరు మీదున్న జిగురూ కొద్దిగా పట్టుకుంటాయి. మలుపుల్లో ముసలాయన సైకిల్‌లా తిప్పుకుంటూ ఇంటికి రా.

చిన్న ముల్లుకి అంత దూరం పోనక్కర్లేదు. వాల్వు పిన్ను తీసి 20, 30 మిల్లీలీటర్ల సీలెంట్ (రంధ్రం మూసే ద్రవం) పోసి తిప్పితే చాలాసార్లు మూసుకుపోతుంది. అమ్మోనియా ఉన్న సీలెంట్ లేటెక్స్ ట్యూబుని తినేస్తుంది, అది చూసుకో. ఇంకో మంచి గుణం ఏంటంటే, గాలి పోయినా బాగా అంటించిన ట్యూబ్యులర్ రిమ్ము వదలదు. క్లించర్ అయితే చక్రంలోంచి జారి మనల్ని పడేస్తుంది. దీని మీద నెమ్మదిగా ఆగే దాకా అదుపు ఉంటుంది.

పంక్చరైన టైరు పారేయకు. ఖరీదైనది, బాగుచేయొచ్చు. రంధ్రం ఉన్నచోట బేస్ టేప్ జానెడు పైకి లేపి, కుట్టు విప్పే ముందు రెండు అంచుల మీద అడ్డంగా పెన్నుతో గీతలు పెట్టుకో. తిరిగి కుట్టేటప్పుడు ఆ గీతలు కలవకపోతే టైరు పాములా వంకరపోతుంది. దారం మాత్రమే తెంచు, గుడ్డ తెగకూడదు. ట్యూబు బయటికి లాగి సన్నటి ప్యాచ్ వెయ్. లేటెక్స్ ట్యూబుకి పాత లేటెక్స్ ముక్కే ప్యాచ్. తర్వాత అవే రంధ్రాల్లోంచి మైనం పూసిన దారంతో కుట్టాలి. నాకు కుట్టు కుదరదు. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తాను. మొదటిసారి టైరు చూసి నవ్వాడు, ఇప్పుడు ట్యూబుకి సూది తగలకుండా లోపల అట్టముక్క పెట్టి నాకన్నా వరసగా కుడతాడు. టూఫో టైర్లకి మాత్రం ఈ వైద్యం కుదరదు, వాటికి కుట్టే ఉండదు. సీలెంట్ ఒక్కటే గతి.

గాలి ఎంత అంటే, నువ్వు 72 కిలోలు అన్నావు. 25 మిల్లీమీటర్ల టైరు అయితే వెనక 95, ముందు 90తో మొదలుపెట్టు. వానలో ఓ ఐదు తగ్గించు. 120 కొట్టడం పాత రోజుల సరదా, మన రోడ్ల మీద అది సుత్తితో రిమ్ముని కొట్టినట్టు.

బ్రేకు రబ్బర్లు. కార్బన్‌కి కార్బన్ రబ్బర్లే, రిమ్ము తయారుచేసినవాళ్ళు చెప్పిన రకం అయితే మరీ మంచిది. అల్యూమినియం చక్రాల మీద వాడిన రబ్బర్లలో సన్నటి లోహపు ముక్కలు దిగి ఉంటాయి, అవి కార్బన్‌ని రంపంలా కోస్తాయి. చక్రాల జత మార్చినప్పుడల్లా రబ్బర్లు కూడా మార్చాలి, బ్రేకు తీగ కూడా కాస్త సవరించాలి, ఎందుకంటే ఈ రిమ్ము వెడల్పు వేరే. రెండో జత అంటే ఇంత పని ఉంది మరి. వానలో కార్బన్ మొదటి రెండు చుట్లు బ్రేకు పట్టదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో జూలై నెలలో వీటితో బయటికి రాకు.

ఇక అరకు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక ఎక్కేటప్పుడు ఈ చక్రాలు నిన్ను మురిపిస్తాయి, ఆ తేలిక కాళ్ళకి తెలుస్తుంది. గాలికొండ నుంచి అనంతగిరి మీదుగా కిందికి దిగడమే సమస్య. మలుపు మీద మలుపు, ఎదురుగా బస్సులు, జీపులు, వదిలేసి దిగడానికి వీలుండదు. అల్యూమినియం వేడిని త్వరగా గాలికి వదిలేస్తుంది. కార్బన్ ఆ వేడిని బ్రేకు పట్టీలోనే పెట్టుకుంటుంది. దాని వెనకే నీ జిగురు ఉంది. వేడికి జిగురు మెత్తబడుతుంది.

2003 టూర్ డి ఫ్రాన్స్‌లో జూలై 14న గ్యాప్ ఊరికి దిగుతూ స్పానిష్ రేసర్ హోసెబా బెలోకి పడిన తీరు చూడని సైక్లిస్ట్ ఉండడు. ఎండకి రోడ్డు మీద తారు కరిగింది. బ్రేకు పట్టగానే వెనక చక్రం బిగుసుకుపోయింది, టైరు రిమ్ము వదిలి పక్కకి వచ్చేసింది. తొడ ఎముక, మోచేయి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలంలోకి దూసుకెళ్ళి, దిగి సైకిల్ ఎత్తుకుని మళ్ళీ రోడ్డెక్కాడు. అందరూ ఆ పొలం విన్యాసమే చెప్పుకుంటారు. నాకైతే ఎప్పుడు చూసినా కన్ను ఆ వెనక టైరు మీదే ఉంటుంది. అది ప్రొఫెషనల్ మెకానిక్ అంటించిన టైరు.

అందుకని మొదటిసారి అరకుకి నీ అల్యూమినియం చక్రాలతోనే వెళ్ళు. ఘాట్ ఎలా ఉంటుందో, ఎక్కడ బ్రేకు పట్టక తప్పదో తెలుసుకో. మరుసటి ఏడాది వీటితో వెళ్ళాలనిపిస్తే దిగే పద్ధతి మార్చుకోవాలి. బ్రేకు పట్టుకుని ఈడ్చుకుంటూ దిగకూడదు. మలుపు ముందు గట్టిగా పట్టి, వేగం దించి, పూర్తిగా వదిలెయ్యాలి. వదిలిన ఆ కాసేపే రిమ్ము చల్లారుతుంది. ఛాతీ నిటారుగా పెడితే గాలి కూడా బ్రేకులా పనిచేస్తుంది. మధ్యలో టైడ దగ్గర ఆగి టీ తాగు. కాలిన వాసన వచ్చినా, బ్రేకు పట్టగానే లివర్ దడదడలాడినా అక్కడే ఆగిపో, రిమ్ము చల్లారే దాకా ఎక్కకు.

చివరగా ఒక మామూలు విషయం, దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. కారులో చక్రాలు పెట్టి ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసి పార్క్ చేయకు. లోపలి వేడికి జిగురు జారి టైరు పక్కకి నడుస్తుంది. అలాంటి రోజు తర్వాత మళ్ళీ బొటనవేళ్ళ పరీక్ష చెయ్యి. ఇంట్లో నీడలో, నేలకి ఆనకుండా వేలాడదీసి, కాస్త గాలి ఉంచి పెట్టు. వాడినా వాడకపోయినా ఏడాదికోసారి టైరు ఒలిచి జిగురు చూసుకుని మళ్ళీ అంటించు. నేను దసరాకి ఆయుధపూజ రోజు ఆ పని పెట్టుకుంటాను, గుర్తుండిపోతుంది.

చక్రాలు వచ్చాక మూడు ఫోటోలు పెట్టు: ఫ్రీహబ్, టైరు తీసిన దోనె, వాల్వు రంధ్రం దగ్గర రిమ్ము. రిమ్ము బయటి వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాయి. అవి చూశాక టైరు సైజు చెప్తాను, అప్పటిదాకా దేనికీ ఆర్డర్ పెట్టకు.